నాగకుమారి అనుమతి

సీతయ్య క్యాంపు చెంచురామయ్య ఆ పొద్దున వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. కాఫీ తాగాలి. ఇస్త్రీ చొక్కా తొడుక్కోవాలి. కంప్యూటర్లో ఉన్న ఫొటోలను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోవాలి. పైతూము దగ్గరున్న రైతువేదికకు వెళ్లి, ఇరిగేషన్ డీఈ గారి ముందు ఆ ఫొటోలను తెర మీద వేయించి, తుకారాం పరువు కాలువలో కలిపేయాలి. కాలువలో నీళ్లు లేవు కాబట్టి దుమ్ములో కలిసినా ఆయనకు అభ్యంతరం లేదు.

బోధన్ దాటి కాలువ వెంబడి పోతే, అన్ని ఊళ్లూ అయిపోయాక వచ్చేది సీతయ్య క్యాంపు. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతుల ఊరది. ఒకప్పుడు అంతా చెరుకే. ఇప్పుడు చెరుకు మానుకుని వరి వేసినవాళ్లే ఎక్కువ. ఆ యాసంగి వరి సరిగ్గా పొట్ట మీద ఉంది. ఈ ఆఖరి తడి అందితే పంట, అందకపోతే పశువుల మేత. పై ఊరి పెద్ద తుకారాం తన తూము దగ్గర రాళ్లూ ఇసుక బస్తాలూ వేయించి నీళ్లన్నీ తన వైపు మళ్లించుకుంటున్నాడని క్యాంపులో అందరికీ తెలుసు. తెలియనిదల్లా కొత్తగా వచ్చిన డీఈ గారికే. మీటింగు పెట్టినప్పుడల్లా తుకారాం లేచి, "నీళ్లు ఆఖరి మడి దాక పోతున్నయి సార్" అంటాడు. "ఒక్కసారి కిందికి వచ్చి చూడండి సార్" అని చెంచురామయ్య అంటాడు. "చూద్దాం" అని డీఈ గారు జీపెక్కుతాడు.

ఈసారి అలా పోనివ్వడానికి వీల్లేదు. ఆఖరి తడి ఎవరెవరికన్నది ఇవాళ్టి మీటింగులోనే తేలిపోతుంది. కాలువ చివరి రైతుల సంఘానికి అధ్యక్షుడైన చెంచురామయ్య, క్యాంపు నడిబొడ్డున నిలబడి, "నీళ్లు తెప్పించలేకపోతే ఈ పదవి నాకొద్దు. మళ్లీ ఏ మీటింగులోనూ నోరెత్తను" అని మాట ఇచ్చేశాడు. నోరెత్తకుండా ఉండటమన్నది ఆయనకు పొలం ఎండటమంత కష్టం. అందుకే రోజూ పొద్దున్నే గట్టు మీద నడిచి, ఎండిన కాలువనూ నెర్రెలిచ్చిన మడులనూ తుకారాం బస్తాలనూ అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీశాడు. తీసింది ఆయనే గానీ ఫోను మాత్రం భార్య నాగకుమారిది. ఆయనది మీటలు నొక్కే ఫోను.

చెంచురామయ్యకు తాళం అంటే మహా నమ్మకం. బీరువాకూ ధాన్యం గదికీ ఎవరైనా తాళం వేస్తారు. ఆయన ఊరగాయ జాడీల అలమరకూ, దొడ్లో గోడకు ఆనించిన నిచ్చెనకూ కూడా వేస్తాడు. అలాంటి మనిషిని ముందు రోజు సాయంత్రం నాగకుమారి, "ఏమండీ, ఆ ఫొటోలు నేనూ ఒకసారి చూస్తాను" అని అడిగింది.

"నీకెందుకు?"

"నా ఫోనుతో తీసినవేగా."

"నీ భజన బృందంలో తుకారాం పెళ్లాం ఉంది. రేపు తెర మీద పడేదాకా అవి మూడో కంటికి కనపడకూడదు. నీకు అనుమతి లేదు."

"అనుమతా?" అంది నాగకుమారి.

"అనుమతే!"

ఆవిడ మరి మాట్లాడకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది. నాగకుమారి మాట్లాడకుండా వెళ్లిపోతే దానర్థం ఏమిటో ఇన్నేళ్ల కాపురంలో చెంచురామయ్య ఇంకా నేర్చుకోలేదు. తను గెలిచాననుకున్నాడు.

వెంటనే కంప్యూటరు ముందు కూర్చున్నాడు. భజనలు వినడానికి ఆవిడ తెరిచిన ఆవిడ ఖాతా తెరిచినట్టే ఉంది. ఫోల్డరుకు కాపలా పెట్టడం ఎలాగో చెప్పే వీడియో ఒకటి వెతికి పట్టుకుని, అందులో చెప్పినట్టే "కాలువ" అనే ఫోల్డరు మీద నొక్కి, ప్రాపర్టీస్‌లోకి వెళ్లి, సెక్యూరిటీ అన్న చోటు తెరిచాడు. ఆ ఫోల్డరును ఎవరెవరు ముట్టుకోవచ్చో పేర్లూ, ఒక్కో పేరుకు ఎదురుగా గళ్లూ ఉన్నాయి. ఔననడానికి ఒక వరస, కాదనడానికి ఒక వరస.

చెంచురామయ్యకు ప్రాణం లేచొచ్చింది. ఇది తనకు తెలిసిన విద్యే! వంతుల గొడవ వచ్చినప్పుడల్లా క్యాంపు పిల్లకాలువ దగ్గర ఆయన చేసేదిదే. ముందు తూము అందరికీ మూసేయడం, ఆ తరవాత ఎవరి వంతుకు వాళ్లకు వదలడం. మూసినవాడు గట్టు మీద ఉంటాడు, షట్టరు తిప్పే చక్రం వాడి చేతిలో ఉంటుంది. వీడియోలో మనిషి ఇంకా ఏదో జాగ్రత్త చెబుతున్నాడు గానీ, తూముల సంగతి తనకొకడు చెప్పేదేమిటని దాన్ని ఆపేశాడు. "అందరూ" అన్న పేరుకు ఎదురుగా కాదనే వరసలో టిక్కు పెట్టాడు. కింద తన పేరు చేర్చుకుని, దానికి ఎదురుగా ఔననే గళ్లన్నీ నింపాడు. కాదన్నది ఔనన్నదాని కంటే ముందు చెల్లుతుంది, ఆలోచించుకోండి అని కంప్యూటరు ఒక హెచ్చరిక చేసింది. చెంచురామయ్య హెచ్చరికలు చేసేవాడే గానీ చదివేవాడు కాదు. సరే అన్న మీట నొక్కి, పనిలో పనిగా నాగకుమారి ఫోనులో ఇంకా ఉన్న ఆ ఫొటోలన్నీ తుడిచేసి, హాయిగా నిద్రపోయాడు.

పొద్దున ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కంప్యూటరులో తన పేరు మీదున్న ఖాతా తెరిచాడు. చూపు ఆనడం లేదని మేనల్లుడు ఉమామహేష్ పెద్ద పెద్ద అక్షరాలతో ఆయనకు విడిగా పెట్టిచ్చిన ఖాతా అది. పెన్‌డ్రైవ్ గుచ్చి, "కాలువ" మీద నొక్కాడు.

"ఈ ఫోల్డరు తెరవడానికి మీకు ప్రస్తుతం అనుమతి లేదు" అని వచ్చింది.

ఎవరికి లేదంటోందో అర్థంకాక చెంచురామయ్య వెనక్కి తిరిగి చూశాడు. గదిలో ఇంకెవరూ లేరు. కొనసాగించు అన్న చోట నొక్కితే, అయితే పాస్‌వర్డు ఇవ్వండి అంది. ఇద్దామని చూస్తే, పైన ఉన్న పేరు తనది కాదు. "నాగకుమారి" అని ఉంది. పోనీ ఫోల్డరును ఉన్నదున్నట్టు వేరేచోటికి లాగుదామని చూశాడు. అప్పుడు కంప్యూటరు ఇంకాస్త వివరంగా చెప్పింది:

"ఈ ఫోల్డరులో మార్పులు చేయాలంటే మీరు నాగకుమారి నుంచి అనుమతి పొందాలి."

చెంచురామయ్య కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. అక్షరాలు అవే. పైగా ఉమామహేష్ ధర్మమా అని చాలా పెద్దవి.

దీనికి మూలం నిజామాబాద్‌లో కంప్యూటరు కొన్న రోజున ఉంది. ఎవరి పేరు పెట్టమంటారని దుకాణం అతను అడిగితే, చెంచురామయ్య క్షణం కూడా ఆలోచించలేదు. గ్యాసు కనెక్షను, రేషను కార్డు, పాలకేంద్రం ఖాతా, అన్నీ ఆడవాళ్ల పేరు మీద పెట్టడం ఆ ఇళ్లల్లో అలవాటు. పేరుదేముంది, పెత్తనం ఎవరిదన్నది ముఖ్యం గానీ! అలా ఆ యంత్రానికి యజమానిగా నాగకుమారి పేరు ఎక్కింది. గ్యాసు సిలిండరు ఏనాడూ నాగకుమారి అనుమతి తెమ్మని ఆయన్ను అడగలేదు కాబట్టి, కంప్యూటరు అడుగుతుందని ఆయన ఊహించలేదు.

మెల్లిగా వంటింటి గుమ్మంలోకి వెళ్లాడు. నాగకుమారి పెసరట్లు వేస్తోంది.

"నీ కంప్యూటరు పాస్‌వర్డు ఏమిటే?" అన్నాడు, ఇవాళ కూరేమిటని అడిగినంత తేలిగ్గా.

"ఎందుకండీ?"

"ఊరికే."

"ఊరికే అయితే తీరిగ్గా చెబుతాలెండి. అట్టు వేడిగా ఉంది, కూర్చోండి."

"అట్టు సంగతి తరవాత. ఇంట్లో పాస్‌వర్డు ఇద్దరికీ తెలిసుండాలి కదా."

"మీరే కదండీ, పాస్‌వర్డు కట్టుకున్నవాళ్లకు కూడా చెప్పకూడదని టీవీలో వస్తే, 'విన్నావా, నేర్చుకో' అన్నారు. నేర్చుకున్నాను."

ఫోల్డరు తెరుచుకోవడం లేదు, కాస్త తెరిచిపెట్టు అని ఒక్క ముక్క అంటే అక్కడితో అయిపోయేది. కానీ నిన్న "నీకు అనుమతి లేదు" అన్న నోటితోనే ఇవాళ "నాకు అనుమతి ఇవ్వు" అనాలి. ఆ మాట గొంతు దాకా వచ్చి అడ్డం తిరిగింది. అట్టు కూడా తినకుండా దొడ్లోకి పోయి, పశువుల కొట్టం వెనక నిలబడి, బోధన్‌లో ఎరువుల దుకాణం నడుపుతున్న ఉమామహేష్‌కు ఫోను చేశాడు. గుసగుసలాడుతున్నానని ఆయన అనుకున్నాడు. చెంచురామయ్య గుసగుస మామూలుగా రెండో మడి దాకా వినపడుతుంది.

"'అందరూ' అంటే అందులో మీరూ ఉంటారు మావయ్యా" అన్నాడు ఉమామహేష్, సంగతంతా విని.

"నేనెందుకుంటానురా? మూసిందే నేనైతే!"

"కంప్యూటర్లో తూము మూసినవాడు కూడా మడిలోనే ఉంటాడు మావయ్యా. అందరికీ కాదని పెట్టాక మీ ఒక్కరికీ ఔనన్నా చెల్లదు. అత్తయ్య తన ఖాతాలోకి వెళ్లి ఆ టిక్కు తీసేస్తే చిటికెలో పని. మెషీను ఆవిడ పేరు మీదుంది కదా."

"అంటే అంతా మీ అత్త పేరు మీదే ఉందంటావు! నా పేరు రాసుకున్నా చెల్లదంటావు! ఆవిడ అనుమతిస్తే తప్ప నేను చెయ్యి పెట్టడానికి లేదంటావు!"

"అంతే మావయ్యా. అడిగెయ్యండి, పోయేదేముంది?"

"నా పరువు పోతుందిరా! ఇన్నాళ్లూ నాదనుకున్నాను కదరా!" అని చెంచురామయ్య ఫోను పెట్టేసి, నుదురు కొట్టుకుంటూ వెనక్కి తిరిగాడు. కొట్టంలో పాలు పితకడం అయిపోయి లేచి నిలబడ్డ పనిమనిషి తారాబాయి, నోరు తెరుచుకుని ఆయన్నే చూస్తోంది. చూసి, పాలక్యాను అందుకుని, మామూలు కన్నా వడివడిగా వెళ్లిపోయింది.

తారాబాయికి వినపడింది ఈ పక్క మాటలే. ఉమామహేష్ మాటలు ఫోనులోనే ఉండిపోయాయి.

"అయ్య పేరు మీద ఏం లేదంట" అని ఆవిడ పాలకేంద్రంలో క్యాను దించుతూనే చెప్పేసింది. "మొత్తం అమ్మ పేరు మీద అయిందంట. అయ్య నెత్తి కొట్టుకుంటుండు."

పాలకేంద్రం చూసుకునే మార్కండేయ కొలత పాత్ర కిందపెట్టాడు. ఆయనకూ కాలువ చివర్న పొలం ఉంది, సంఘంలో ఆయన ఉపాధ్యక్షుడు. "ఏంది, పొలమా?"

"పొలమే గావొచ్చు. పొలం గాకుంటే గంతగనం ఎందుకు మొత్తుకుంటడు?"

ఇది తిరుగులేని తర్కం. పాలు పోయడానికి వచ్చినవాళ్లంతా తల ఊపారు. ఆ వార్త అక్కడి నుంచి టీ కొట్టుకు చేరేసరికి నాగకుమారి పట్టా మార్పించుకుంది. మోటారు మెకానిక్కు దగ్గరికి చేరేసరికి చెంచురామయ్యను ఇంట్లోంచి పంపించేసింది. కొట్టంలో పడుకుంటున్నాడట పాపం అని ఎవరో అన్నారు కూడా. ఎవరికి ఎంత బాధ కలిగిందో గానీ, మార్కండేయకు మాత్రం గుండెల్లో రాయి పడింది. సంఘం రూలు ప్రకారం అధ్యక్షుడు పట్టాదారై ఉండాలి. పేరు మీద గుంటెడు భూమి కూడా లేని మనిషి డీఈ ముందు నిలబడి నీళ్లడిగితే తుకారాం ఊరుకుంటాడా?

"మీటింగు సంగతి ఎనకసిరి. ముందుగాల ఆలుమొగల పంచాయతి తెంపుదాం పాండ్రి" అన్నాడు మార్కండేయ. రైతువేదికకు బయలుదేరిన క్యాంపు క్యాంపంతా అలాగే మలుపు తిరిగి చెంచురామయ్య ఇంటికి వచ్చేసింది.

చెంచురామయ్య కంప్యూటరు ముందు తనకు తెలిసిన దేవుళ్ల పేర్లన్నీ పాస్‌వర్డులుగా కొట్టి చూస్తున్నాడు. వాకిట్లో అలికిడి విని బయటికి వచ్చేసరికి, పందిరి కింద కాలు పెట్టే చోటు లేదు. నాగకుమారి గుమ్మంలో నిలబడి ఉంది. ఆవిడ ముందు మార్కండేయ చేతులు జోడించి నిలబడ్డాడు.

"అమ్మా, పెద్దమనసు జేసుకోండ్రి. పొలం మీ పేరు మీద రాయించుకున్నరని విన్నం. అయ్య మాట దురుసు గని మనసు మంచిది. మీరు అనుమతి ఇయ్యకుంటే ఆయన ఏడికి వోతడు? మా నీళ్లేం గావాలె?"

నాగకుమారి జనాన్ని చూసింది. వాళ్ల వెనక కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్న మొగుణ్ని చూసింది. పెదవి చివర ఒక నవ్వు మెరిసి మాయమవడం చెంచురామయ్య ఒక్కడికే కనిపించింది.

"ఆలోచిస్తాను" అంది.

జనం ఉసూరుమన్నారు. "చూశిన్రా, ఇయ్యనంటలేదు, ఆలోచిస్తనంటుంది" అని మార్కండేయ వాళ్లకు ధైర్యం చెప్పాడు.

"ఏమిటయ్యా ఆలోచించేది!" అంటూ చెంచురామయ్య జనాన్ని తోసుకుని ముందుకు వచ్చాడు. "మీటింగుకు పోకుండా మీకిక్కడేం పని? నా పొలం నా పేరు మీదే ఉంది. ఇది కంప్యూటరు గొడవ! ఫోల్డరు గొడవ!"

"ఊకోండ్రి అయ్యా, గుండెకు మంచిది గాదు" అన్నాడు మార్కండేయ జాలిగా.

"నమ్మరా? రండి, మీరే చూడండి!" అని ఆయన కంప్యూటరు తెరను వాకిలి వైపు తిప్పి, "కాలువ" ఫోల్డరును పట్టి లాగాడు. మార్కండేయ ముందుకు వంగి, వెనకున్నవాళ్లకు కూడా వినపడేలా గట్టిగా చదివాడు.

"మీరు నాగకుమారి నుంచి అనుమతి పొందాలి."

అంతదాకా పుకారు అనుకున్నవాళ్లు కూడా నిట్టూర్చారు.

"భూమి కాయితాలన్ని ఇప్పుడు కంప్యూటర్లనే గదా. అందుల ఎక్కినంక ఇగ పక్కా అయినట్టే" అన్నాడు మార్కండేయ. చెంచురామయ్య గోడకు ఆనుకుని మెల్లగా కూలబడ్డాడు. పదవీ పోయింది, ఫొటోలూ పోయాయి, డీఈ గారు వచ్చి వెళ్లిపోయే వేళా అయింది. అవతల పొట్ట మీద ఉన్న వరి నీళ్ల కోసం నోరు తెరుచుకుని చూస్తోంది. ఆయనకు నిజంగానే దుఃఖం ముంచుకొచ్చింది.

అదే సమయానికి రైతువేదికలో డీఈ గారు ఖాళీ కుర్చీల ముందు కూర్చుని టీ తాగుతున్నాడు. ఆయన పక్కన తుకారాం ఉన్నాడు. అతనికి క్యాంపు నుంచి ఫోను వచ్చింది. అది విన్నాక అతని ఆనందం పట్టశక్యం కాలేదని చూసినవాళ్లు తరవాత చెప్పారు.

"ఆయన పేరు మీద భూమే లేదంట సార్. గట్లాంటోడు అధ్యక్షుడెట్లయితడు? క్యాంపంతా ఆయనింటి కాడనే ఉన్నది. ఒక్కసారి పోయి, నాకు సంబంధం లేదని ఆయనతోనే రాయించుకుంటే మీకు రోజు రోజు ఈ లొల్లి ఉండది."

డీఈ గారు వాచీ చూసుకున్నాడు. "ఎంత దూరం?"

"రోడ్డు మీద పోతే సుట్టు. కల్వర్టు కాడ పని నడుస్తుంది. నేను బండి మీద ముంగట పోత, మీ జీపును నా ఎంబడి రమ్మనుండ్రి. దగ్గరి తొవ్వ చూపిస్త."

తుకారాంకు ఆ దారి కొట్టిన పిండి. తన బస్తాలు దాటగానే గట్టు దిగితే నేరుగా క్యాంపు దాకా చదునుగా పోతుంది. ఆ సీజను మొదలైనప్పటి నుంచీ పై ఊరి ట్రాక్టర్లూ బళ్లూ అందులోంచే తిరుగుతున్నాయి. చెంచురామయ్య పతనాన్ని కళ్లారా చూడాలన్న తొందరలో, అది అసలు ఏమిటో అతనికి గుర్తు రాలేదు. దుమ్ముకు కళ్లు మూసుకున్న డీఈ గారికి అసలే తెలియదు.

క్యాంపులో ముందు హారను వినిపించింది. అందరూ రోడ్డు వైపు చూశారు. శబ్దం దొడ్డివైపు నుంచి వస్తోంది. అటు తిరిగేసరికి పెద్ద దుమ్ము తెర, ఆ దుమ్ములోంచి నవ్వు ముఖంతో తుకారాం మోటారు సైకిలు, దాని వెనక జీపు, బట్టలుతికే రేవు పక్క నుంచి మూలుగుతూ గట్టెక్కాయి. డీఈ గారు దిగాడు. నీలం చొక్కా ఏ రంగో చెప్పలేని రంగుకు తిరిగింది.

"ఏం దుమ్మయ్యా ఇది!" అని దులుపుకుంటూ, "తుకారాం, ఈ రోడ్డు వేసిందెవరు?" అన్నాడు.

తుకారాం నోరు తెరిచే లోపే, రేవు దగ్గర నిలబడ్డ తారాబాయి అంది. "రోడ్డు ఏడిది సారూ? గది కాలువ."

డీఈ గారు వెనక్కి తిరిగాడు. రెండు వైపులా గట్లు. మధ్యలో ఎండిన బురద పెచ్చుల మీద తన జీపు చక్రాల అచ్చు. నీటి మట్టం చూపే రాయి మీద అన్నిటికన్నా కింద ఉన్న అంకెకు కూడా తడి తగిలిన గుర్తు లేదు.

"ఆఖరి మడి దాక నీళ్లు పోతున్నయన్నవు గదా?" అన్నాడు తుకారాం వైపు చూసి.

"పోతున్నయి సార్. అంటే, పొద్దుగాల..."

"మరి మనం ఈదుకుంటూ వచ్చినమా?"

కూలబడ్డ చెంచురామయ్య ఎప్పుడు లేచాడో ఎవరూ చూడలేదు. గట్టు మీద డీఈ గారి ఎదుట నిటారుగా నిలబడి ఉన్నాడు. అద్దం ముందు వల్లించిన ప్రసంగంలో ఒక్క ముక్క కూడా ఇప్పుడు అక్కర్లేకుండా పోయింది. "ఒక్కసారి కిందికి వచ్చి చూడండి సార్ అని అడుగుతూనే ఉన్నాను. వచ్చారు. చాలా సంతోషం" అన్నాడు. క్యాంపంతా ఈలలు వేసింది. పుట్టి బుద్ధెరిగాక ఆయన ఇంత చిన్న ఉపన్యాసం ఇవ్వడం అదే మొదలని మార్కండేయ పక్కవాళ్లకు చెప్పాడు.

"మీ పట్టా సంగతి..." అని డీఈ గారు అనుమానంగా అడిగాడు. చెంచురామయ్య మొలతాడుకున్న తాళంచెవితో బీరువా తీసి పాసుబుక్కు తెచ్చి చేతిలో పెట్టాడు. అందులో ఉన్నది ఆయన పేరే, ఆయన ఫొటోయే. జనం తారాబాయి వైపు చూశారు. ఆవిడ కొంగు సర్దుకుంటూ మామిడి కొమ్మల వైపు చూసింది.

"కాలువ నేను కళ్లతో చూసిన. అడ్డం పెట్టిందేంది, ఎవరు పెట్టింది, దానికి ఆధారం ఉంటే ఇక్కడనే ఆర్డరు రాస్త" అన్నాడు డీఈ గారు. "ఫొటోలున్నయంట గదా. చూపించండి."

ఊరు ఊరంతా చూస్తోంది, తుకారాం చూస్తున్నాడు, సర్కారు చూస్తోంది. చావోరేవో అనుకుని చెంచురామయ్య గుమ్మం వైపు నడిచాడు.

"నాగకుమారీ" అన్నాడు. "నిన్న నేనన్న మాట తప్పు. నీ ఫోనుతో తీసి, నీ కంప్యూటర్లో పెట్టి, నీకే అనుమతి లేదన్నాను. ఆ ఫోల్డరు కాస్త తెరిచిపెట్టు. నాకు... అనుమతి ఇవ్వు."

"ఏమన్నారు? వెనకున్నవాళ్లకు వినపడలేదనుకుంటా" అంది నాగకుమారి.

"నాకు అనుమతి ఇవ్వు!" అని చెంచురామయ్య అరిచాడు. రెండో మడి దాకా కాదు, ఆ అరుపు పై తూము దాకా వినపడి ఉండాలి. మార్కండేయ కళ్లు తుడుచుకున్నాడు.

నాగకుమారి చీర చెంగు నడుముకు దోపుకుని, కంప్యూటరు ముందు కూర్చుంది. తన ఖాతా తెరిచి, తొణకకుండా బెణకకుండా సెక్యూరిటీలోకి వెళ్లి, "అందరూ" ఎదురుగా ఉన్న టిక్కును తీసేసి, కింద మొగుడి పేరుకు ఎదురుగా ఉన్న గళ్లలో కూడా ఏవో రెండు మూడు సవరించింది. "కాలువ" తెరుచుకుంది.

"ఇదంతా నీకెలా తెలుసే?" అన్నాడు చెంచురామయ్య, గొంతు తగ్గించి.

"మీరు కొట్టం వెనక నుంచి వచ్చే లోపే ఉమామహేష్ నాకు ఫోను చేసి చెప్పాడండీ. అడుగుతారేమో, అడిగితే చేద్దామని పొద్దుటి నుంచీ చూస్తున్నాను."

చెంచురామయ్యకు కోపం రావాల్సిన చోటే నవ్వొచ్చింది. ఒక్కటొక్కటిగా ఫొటోలు తెర మీద పడ్డాయి. ఎండిన కాలువ. నెర్రెలిచ్చిన మడి. బస్తాలు. బస్తాల మీద కాళ్లు చాపుకుని బీడీ కాలుస్తున్న తుకారాం. ఆ ఫొటో రాగానే తుకారాం తన బండి తాళంచెవి కోసం జేబులు వెతుక్కున్నాడు.

"ఏడికి వోతున్నవు?" అన్నాడు డీఈ గారు. "నువ్వు ముంగట ఉండాలె. ఆ బస్తాలు నీ చేతులతోనే తీద్దువు, నేను పక్కన నిలబడి చూస్త." అక్కడే జీపు బానెట్ మీద కాగితం పెట్టి, ఆఖరి తడిలో మొదటి వంతు కాలువ చివరి రైతులదని రాసి సంతకం చేశాడు. జీపు ఎక్కి, వచ్చిన దారినే గట్టు దిగమని డ్రైవరుకు చెప్పబోతుంటే చెంచురామయ్య అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"అటు వద్దు సార్. రోడ్డు మీద పొండి. ఇందులో నీళ్లొస్తాయి."

సాయంత్రం నిజంగానే వచ్చాయి. ముందు ఎండుటాకులనూ చెత్తనూ తోసుకుంటూ ఎర్రగా, మందంగా వచ్చి, జీపు చక్రాల అచ్చుల్లో నిండి, రేవు మెట్లను తడిపి, పిల్లకాలువలోకి తిరిగాయి. క్యాంపులో పిల్లా పెద్దా గట్టు మీదే ఉన్నారు. మార్కండేయ డప్పులు కొట్టించాడు. చెంచురామయ్యను భుజాల మీద ఎత్తుకుని తూము దగ్గరికి తీసుకెళ్తే, షట్టరు చక్రం నాగకుమారి చేత తిప్పించాడు. మడిలోకి నీరు జారుతుంటే, భార్య పక్కన నిలబడి అందరి ముందూ కళ్లు తుడుచుకున్నాడు. ఇంత సంతోషం తన పెళ్లినాడు కూడా పడలేదని పైకే అన్నాడు. అది నాగకుమారి విన్నది గానీ, నీళ్ల మొహం చూసి వదిలేసింది.

ఇంటికి వచ్చాక చెంచురామయ్య కంప్యూటరులో తన ఖాతా తెరిచి, కాస్త భయంగానే "కాలువ" మీద నొక్కాడు. కిక్కురుమనకుండా తెరుచుకుంది. ఆయన ఛాతీ విరుచుకుని ఫొటోలన్నీ మొదటి నుంచి చివరి దాకా తృప్తిగా చూసుకున్నాడు. ఆ ఊపులో ఫోల్డరు పేరు తీసేసి "విజయం" అని పెట్టబోయాడు.

ఆయనకున్న అనుమతి చూడటానికి మాత్రమేనని కంప్యూటరు మర్యాదగా చెప్పింది.